శనివారం ఒక్కపొద్దు

నవతకు కావలసింది ఫ్రెంచి వంట కాదు. ఒక్క పూట, కూర్చున్నచోటి నుంచి లేవకుండా, పొగలు పోకముందే తినడం. అంతే. ఆ మాత్రం దానికి నల్లకోటు వెయిటర్లున్న హోటలు దాకా రావాలా అంటే, రావాలి మరి. పరాయిదేశంలో, టోవా పాయో పేటలోని వాళ్ల ఫ్లాట్‌లో ఆమె కంచం ముందు కూర్చుంటే చాలు, ఇంటిల్లిపాదికీ ఒక్కసారే ఉప్పు గుర్తొస్తుంది. మొగుడు హరికృష్ణకు మంచినీళ్లు, కూతురికి పెరుగు. లేచి ఇచ్చి వచ్చేసరికి తన కంచంలో పప్పు అట్టకట్టి ఉంటుంది. వారమంతా చాంగీ బిజినెస్ పార్క్‌లో కంప్యూటర్ ముందు డబ్బా తిండి, శని ఆదివారాలు ఈ భాగోతం. ప్రాణం విసిగిపోయింది.

బయట తింటానంటే ఊరుకునే మనిషి కాదు అత్త నూకాలమ్మ. అనకాపల్లి నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఏళ్లయినా, కోడలు గడప దాటితే చేతిలో క్యారేజీ పెట్టందే పంపదు. అందుకే నవత అబద్ధమాడింది. శనివారం ఆఫీసులో పనుంది, పైగా ఈ వారం నుంచి వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దుంటున్నాను, రాత్రికే ఫలహారం అంది. దేవుడి పేరెత్తితే ఎంతటి అత్తయినా క్యారేజీ దించాల్సిందే కదా. నూకాలమ్మ దించింది.

ఒక్కరేనా అని వెయిటరు అడిగితే ఒక్కదాన్నే అని చెప్పి, కిటికీ పక్కన కూలబడింది నవత. ముందు రొట్టె వచ్చింది. విరిస్తే ఆవిరి. ఆ ఆవిరి ముక్కుకు తగిలేసరికే ఆమెకు కళ్లు తడయ్యాయి, సిగ్గులేని కళ్లు. తర్వాత బాతు మాంసం. పళ్లెం చాటంత, అందులో తిండి చారెడు. శనివారం నాడు ఇంట్లో గుడ్డు కూడా ముట్టరు, ఈవిడేమో బాతుకే గురిపెట్టింది. పాపమంటే పాపమే. కానీ వేడిగా ఉంది, ఎవరూ పిలవలేదు, తింది.

తిన్నాక అలవాటుకొద్దీ బల్లమీది రొట్టెపొడి అరచేత్తో ఊడవబోయింది. వెయిటరు గబగబా వచ్చి, మీరుండండి మేడమ్ అని, చిన్న రేకుముక్కతో తనే తీశాడు. తను తిన్నచోటు ఇంకొకరు శుభ్రం చెయ్యడం పెళ్లయ్యాక చూసిన గుర్తు లేదామెకు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుంది.

చివర్న సూఫ్లే. గుడ్డునురగతో పొంగించే తీపి. రాగానే తినెయ్యాలి, ఆగితే కుంగిపోతుందని వెయిటరు ముందే చెప్పాడు. అది ముందుకు వచ్చిందో లేదో, ఫోను మోగింది. అత్త.

“హరికీ పిల్లకీ పెట్టీసినానమ్మా. నేనైతే తిననేదు. నువ్వు కాళీ కడుపుతో పని సేస్తంటే నాకు ముద్దెలా దిగుతాది? ఇద్దరం ఒక్కపొద్దుందాం. రేత్రికి నువ్వొచ్చినాక కలిసి తిందాం.”

 సుగరు మాత్ర పొద్దున్నే వేసుకుంది ముసలావిడ. తినండి, మీకు పస్తు పడదు అని నవత బతిమాలింది. నూకాలమ్మ వినదే. మొక్కుకున్నాక మధ్యలో తింటే దేవుడికి కోపమట, కోడలికి తోడుండడం కన్నా పుణ్యం లేదట. ఎదురుగా సూఫ్లే ఓ పక్కకు ఒరుగుతోంది. ఇంకో అబద్ధం వెతుక్కునే ఓపిక నవతకు లేదు.

“అత్తా, నాకు ఒక్కపొద్దూ లేదు, ఆఫీసూ లేదు. హోటల్లో తింటున్నాను. ఒక్కదాన్నే. ఎవరూ పిలవకుండా ఒక్కపూట తిందామని.”

 ఇక అయిపోయింది, ఈ సంగతి అనకాపల్లి దాకా పాకుతుంది అనుకుంది నవత.

“ఏటి తిన్నావు?”

“బాతు.”

“శనివారం పూట?”

“ఊఁ.”

 అప్పుడు నూకాలమ్మ గొంతు తగ్గించి అడిగింది.

“ఏడిగా ఉన్నాదా?”

నవతకు ఏడుపు పొంగుకొచ్చింది. జీవితమంతా అందరూ లేచాక గిన్నె అడుగు గీరుకు తిన్న మనిషి అడుగుతోంది ఆ మాట.

“ఉందత్తా. పొగలొచ్చాయి.”

“మరైతే నేనూ ఉడుకు సేసుకుని తింటాను. పోను కట్ సెయ్యకు. కలిసే తిందాం.”

అవతల పొయ్యి వెలిగింది, గిన్నె కదిలింది, గాజులు చప్పుడు చేశాయి. ఫోనులో మాట్లాడుతున్నందుకు పక్కబల్ల వాళ్లు మొహం చిట్లించారు. చిట్లించనీ. చతికిలబడ్డ సూఫ్లేలో నవత చెంచా గుచ్చింది. అవతల మొదటి ముద్ద కలుపుతున్నట్టుంది. అంతలో దూరంగా హరికృష్ణ గొంతు, అమ్మా కాసిని మంచినీళ్లు అని.

నవత చెంచా ఆగిపోయింది. అత్త కుర్చీ జరిగే చప్పుడు కోసం చెవి ఒగ్గింది. కుర్చీ జరగలేదు.

“తింటన్నానురా,” అంది నూకాలమ్మ. “నువ్వే లెగు.”