తెల్ల గడి

“అక్కా, నీకు రిప్లై పర్మిషన్ వచ్చేసింది” అని ఆఫీసులో శ్రీకాంత్ చెప్పేసరికి వెంకటలక్ష్మి నోట్లో చిత్రాన్నం ముద్ద ఉంది. ఆ ముద్దకు ఆమె లోలోపలే దండం పెట్టుకుంది. వెంటనే మాట్లాడనక్కర్లేదు. కళ్ళతో నవ్వి తల ఊపింది.

చిత్రాన్నం కలిపింది ఆమె భర్త గణేశ్. పెళ్ళయి రెండు నెలలైనా కాలేదు. బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో కటింగ్ మాస్టరు పనికి బయల్దేరే ముందు తనే వంటింట్లో దూరి ఆమెకు బాక్సు కడతాడు. వేరుశనగలు మాడుస్తాడు. మాడిన గింజ పంటికింద పడినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తుంది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళంతా ఆమె నత్తికి జాలిపడి, మొదలుపెట్టిన మాటను తామే పూర్తిచేసేవారు. ఇతను మాత్రం కాఫీ చల్లారుతున్నా గ్లాసు పట్టుకుని, ఆమె పేరు ఆమె నోటినుంచే పూర్తిగా వచ్చేదాకా కూర్చున్నాడు.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక మేడమీది హాలు, ఆమె పనిచేసే ఇన్వర్టర్ల కంపెనీ కస్టమర్ సపోర్టు ఆఫీసు. వచ్చిన ప్రతి ఫిర్యాదూ కంప్యూటర్లో ఒక టికెట్టుగా తెరుచుకుంటుంది. దాని కింద రెండు గడులు. పసుపు గడిలో రాసింది ఆఫీసువాళ్ళకే కనబడుతుంది. తెల్ల గడిలో రాసింది కస్టమరుకు పోతుంది. పసుపులో ఎవరైనా రాయొచ్చు. తెల్లదానికి సీటుండాలి, అంటే కంపెనీ డబ్బు కట్టి కొన్న అనుమతి. ఆ సీట్లు కొన్నే. ఎవరికి ఏది కనబడాలో, ఎవరు దేంట్లో రాయాలో పెట్టేదీ తీసేదీ వెంకటలక్ష్మే. అందరి తలుపులూ తీసే ఆమెకు సొంతానికి వీధి తలుపు లేదు.

దొడ్డబళ్ళాపురంలో మగ్గం ఆగిపోయి తండ్రి సంసారాన్ని బెంగళూరికి తెచ్చినప్పుడు ఆమె కొత్త బడిలో చేరింది. హాజరు పిలిస్తే జవాబు గొంతులో తట్టుకుని, అది బయటికి వచ్చేలోగా మేష్టరు పక్క పేరుకు పోయేవాడు. బెంచీమీద కూర్చునే ఆ ఏడాదంతా బడికి రాని పిల్లయింది.

ఈ ఆఫీసులోనూ మొదట ఫోన్లకే చేరింది. ‘నమస్కారం’లో ‘న’ దగ్గరే ఆగిపోతే అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. పక్క కుర్చీలోని రామాంజినప్ప అది చూసి, “నీకు నోరెందుకమ్మా, నాకుండాది గదా ఊరంత. నువ్వు పసుపులో రాయి, నేను చెప్పుకుంటా” అన్నాడు. అప్పటినుంచీ అంతే. ఆమె రాసినదాన్ని ఆయన తెల్లలోకి ఎత్తి, కింద తన పేరు పెట్టేవాడు. ఫోన్లూ ఆయనే చేసేవాడు. కస్టమర్లు మెచ్చుకుని రాస్తే పైకి చదివి, “నీకేనమ్మా, తీసుకో” అనేవాడు.

ముద్ద మింగాక ఆమె అడిగింది. “ఎ... ఎవరి సీటు?”

“రామాంజినప్ప సార్‌ది. ఈరోజు ఆయనకి లాస్ట్ డే కదా. కొత్త సీటు కొనరంట. సాయంత్రంలోగా ఆయన యూజర్ క్లోజ్ చేసి నువ్వు తీసుకో.”

నోట్లో నిమ్మపులుపు మాత్రం మిగిలింది.

వేరే కంపెనీలకు పోయినవాళ్ళ పేర్లు ఎన్నో, కాఫీ తాగుతూనే మూసిన చేయి ఆమెది. ఇవాళ మిగతా పనులన్నీ వెతుక్కుని మరీ చేసింది. మరిచిపోయిన పాస్‌వర్డులు మార్చింది. కొత్తగా చేరిన అమ్మాయికి పసుపు గడి తెరిచింది. ఒక కస్టమరును పసుపులో ‘పీనాసి’ అని రాసిన టెక్నీషియనుకు పసుపులోనే మెత్తగా చీవాట్లు పెట్టింది. ఆ ఒక్క పేరు దగ్గరికి పోలేదు. ఆయన పోతున్నాడన్న దిగులు ఒకటి. తెల్ల గడి వెనకాలే ఫోన్ వస్తుందన్న భయం ఇంకొకటి. జవాబు రాసినవాళ్ళనే కస్టమర్లు ఫోన్ చేయమంటారు. వద్దంటే సీటు ఇంకెవరికో పోతుంది, తాను మళ్ళీ ఎవరి పేరు కిందో రాసుకోవచ్చు.

పొద్దువాలాక రామాంజినప్ప సంచి చంకన పెట్టుకుని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు.

“ఏమ్మా, నా పేరు ఇంకా వెలుగుతుండాది. మూసేది మర్చిపోయినావా?”

“నా... నాకొద్దన్నా. నేను ప... పసుపులోనే ఉంటా.”

“పసుపులోనే ఉండేదానికి నువ్వేమన్నా గడపవా? గడపకైనా ఒక పక్క వీధి ఉంటాదమ్మా.” ఆయన గొంతు తగ్గించాడు. “ఆ సీటు నీకే ఇమ్మని అడిగింది నేనే. మూసెయ్ తల్లీ.”

ఆమె నొక్కింది. ఈయన టికెట్లు ఎవరికివ్వాలి అని కంప్యూటరు అడిగింది. తన పేరు ఎంచుకుంది. ఆయన పేరు బూడిదరంగుకు తిరిగింది.

“చూడు, నొప్పి కూడా తెలీలే” అన్నాడాయన.

ఆయన వదిలిన మొదటి టికెట్టు డాక్టర్ అర్చనది. కరెంటున్నా క్లినిక్‌లో ఇన్వర్టరు కూత ఆపడం లేదట. బ్యాటరీలో నీళ్ళు తగ్గి ఉంటాయి, డిస్టిల్డ్ వాటర్ పోయించండి అని వెంకటలక్ష్మి ఒద్దికగా రాసి, నొక్కి, ఊపిరి వదిలింది.

“పసుపులో రాస్తివి గదమ్మా. డాక్టరమ్మకు ఇది కలలోనే కనపడల్ల.”

ఆమె పకపకా నవ్వేసింది. ఆ నవ్వు ఎన్నడూ వినని హాలు తిరిగి చూసింది. రాసిందంతా ఎత్తి తెల్ల గడిలో పెట్టి, కింద వెంకటలక్ష్మి అని రాసుకుంది. ఎక్కడా తట్టుకోకుండా పేరంతా ఒక్కసారిగా వచ్చేసింది. పంపింది.

తిరిగి చూస్తే వెనక ఎవరూ లేరు. కిటికీలోంచి చూస్తే, రోడ్డు అవతల రామాంజినప్ప కదులుతున్న బస్సుకు చెయ్యెత్తి, ఆగాక నిదానంగా ఎక్కుతున్నాడు.

డాక్టరమ్మ జవాబుతో టికెట్టు మళ్ళీ తెరుచుకుంది. ‘నీళ్ళు పోయాలంటే నాకు భయం, వెంకటలక్ష్మి గారూ. రేపు మీరే ఫోన్ చేసి దగ్గరుండి చెప్పగలరా?’

అలవాటుగా వేలు పసుపు గడి మీదికి పోయింది, ఎవరైనా ఫోన్ చేయండి అని రాయడానికి. కాసేపు అక్కడే ఉంచి, వెనక్కి తీసుకుంది. తెల్ల గడిలో రాసింది.

‘రేపు పొద్దున క్లినిక్ తెరవగానే నేనే ఫోన్ చేస్తాను. నా మాట మెల్లగా వస్తుంది. దయచేసి లైన్లో ఉండండి.’

పంపి, పక్కనున్న రామాంజినప్ప బల్ల వైపు చూసింది. మెత్తలు చిరిగితే పాత చేరుమాలు చుట్టి కుట్టుకున్న హెడ్‌సెట్, ఇంకా ఆయన తల కొలతకే విచ్చుకుని, అక్కడే ఉంది.