రౌతు లేని గెలుపు

నేను ఒక తురాయిని. రాజుల తలపాగాల మీద కులికే రకాన్ని కాను, గుర్రం నుదుట కట్టే రకాన్ని. ఒక తోలు పట్టీ, దాని నడుమ రూపాయి బిళ్ళంత అద్దం, అద్దం పైన కాసిని నీలం, తెలుపు ఈకలు. ఇంతే నా ఆస్తి. అయినా నా కోసం మనుషులు తలలు పగలగొట్టుకున్నారు. కాబట్టి నా మాటల్లో కాస్త గర్వం కనిపిస్తే తప్పు పట్టకండి.

ఇటలీలో కొండ మీద ఒక పాత ఊరుంది. పేరు చెప్పను. చెబితే పక్క ఊళ్ళవాళ్ళు తామేదో బుద్ధిమంతులమనుకుంటారు. ఆ ఊరి నిండా పేటలే. ఒక్కో పేటకు ఒక జెండా, ఒక చర్చి, ఒక పాట, ఒక పగ. మాది కొంగపేట. మా పగ గోడ పక్కనే ఉన్న తేలుపేటతో. ఎందుకని అడిగితే ఎవరికీ తెలియదు. ఎవరి ముత్తాత ఎవరి గుమ్మంలో ఏం పారబోశాడో గాని, మునిమనవలు మాత్రం మరిచిపోలేదు. ఏటా ఎండాకాలంలో ఊరి నడిబొడ్డున చౌకులో మట్టి పోసి, గుర్రాల పందెం పెడతారు. తన కన్నొకటి పోయినా సరే ఎదుటివాడికి రెండూ పోవాలంటారే, ఆ మాట మొదట అన్నవాడు మా ఊరివాడేనని నా అనుమానం. తాము ఓడితే ఎలాగో ఓర్చుకుంటారు. పగపేట గెలిస్తే మాత్రం వారం రోజులు కిటికీలు తెరవరు.

తోలుసందులో ఒక ముసలాయన నన్ను ముచ్చటపడి కుట్టాడు. ఆ ముచ్చట ఏ ముహూర్తాన పడ్డాడో, నన్ను కట్టిన గుర్రాలన్నీ ఓడాయి. ఒకటి మలుపులో జారింది. ఒకటి పందెం మొదలుపెట్టే తాడు దగ్గరే మొరాయించి నిలబడింది. అందరికన్నా ఎక్కువ కాలంగా గెలవని పేటను ఆ ఊళ్ళో ‘అవ్వ’ అంటారు. అవ్వ మేమే. తేలుపేట కుర్రాళ్ళు మా వీధి మొదట్లో నిలబడి, “అవ్వా, పళ్ళున్నాయా?” అని కేకలేసేవాళ్ళు. మావాళ్ళకు అన్నం సయించేది కాదు.

ఆ ఏడు పేటలకు గుర్రాల్ని పంచే చీటీలో మాకు మీర్తా అనే గోధుమరంగు ఆడగుర్రం వచ్చింది. చీటీలో వచ్చిందే గతి. దానికి దెబ్బ తగిలితే ఇంకొకటి ఇవ్వరు, ఆ పేట పందెంలో లేనట్టే. మీర్తా బాగోగులు ఒత్తావియో చేతికి అప్పగించారు. పందెం అయ్యేదాకా అతనికి తిండీ పడకా గుర్రపుసాలలోనే. మీర్తా కూడా ఇట్టే మాలిమి అయింది. అతను దువ్వుతుంటే అతని భుజం మీద గడ్డం ఆనించి కునుకు తీసేది.

ఒత్తావియో భార్య లిడియా తేలుపేట ఆడపడుచు. ఏడాది పొడుగునా ఆ ఇద్దరిదీ పాలూ నీళ్ళలా కలిసిన కాపురం. పందెం రోజులొస్తే మాత్రం లిడియా తన పేట రుమాలు మెడకు కట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోవాలి. ఆచారం అది. ఆ కొద్ది రోజులూ మొగుడైనా పరాయివాడే. తప్పని ఎవరూ అనుకోరు, నవ్వుతూనే విడిపోతారు.

పందెం ముందురోజు తర్ఫీదు పరుగులో మీర్తా ముందరికాలు బెణికింది. ఒత్తావియో మోకాలి కింద చెయ్యి వేశాడు. పెనంలా కాలుతోంది. పరుగున వెళ్ళి పేట పెద్ద గస్పారెతో చెప్పాడు.

“డాక్టరుకి చూపిద్దామండీ. రేపు పరిగెత్తిస్తే కాలు విరిగిపోద్ది.”

“చూపిస్తే పందెంలోంచి తీసేస్తారు. తేలుపేటకి ఈసారి మంచి గుర్రం పడింది. అడ్డుకునేది మనమొక్కళ్ళమే. మూడు చుట్లేగదయ్యా, ఎంతసేపు? నోరు మూసుకో.”

ఎద్దు పుండు కాకికి నొప్పా!

సాయంత్రం లిడియా పేటల మధ్య సందులోకి వచ్చింది. హద్దురాయికి అటు ఆమె, ఇటు ఇతను. నా అద్దం తుడుస్తూ ఉన్నాడు.

“మీర్తా ఎలా ఉంది?”

“బాగుంది.”

“నీ మొహం అలా లేదే.”

“బాగుందన్నానుగా.”

ఒక్క మాట చెబితే చాలు. తేలుపేట వాళ్ళు సంబరంగా వెళ్ళి డాక్టర్ని వెంటబెట్టుకొచ్చేవాళ్ళు, మీర్తా బతికిపోయేది. అది అతనికీ తెలుసు. మాట గొంతుదాకా వచ్చింది. అవతల ఉన్నది భార్య అయితే చెప్పేసేవాడే. ఆమె మెడలో రుమాలు మీది తేలు బొమ్మ చూసి మింగేశాడు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు.

మర్నాడు మీర్తాను చర్చిలోకి తీసుకెళ్ళి దీవించారు. “వెళ్ళు, గెలిచి రా” అన్నాడు పాద్రీ. కాలి సంగతి దేవుడికి మాత్రం ఎవరు చెప్పారు గనక!

రెండో చుట్టులో మా జాకీ గోడకు కొట్టుకుని కిందపడ్డాడు. మా ఊరి రూలు విచిత్రమైనది. రౌతు పడిపోయినా గుర్రం గెలవచ్చు, నుదుట తురాయి ఉంటే చాలు. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందంటారు. ఇక్కడ అసలు రౌతే లేడు, అయినా మీర్తా మూడు కాళ్ళ మీద పరిగెత్తింది. వెనక తేలుపేట గుర్రం తరుముకొస్తోంది. ప్రతి అడుక్కీ మీర్తా నుదురు అదిరిపోయేది. ఆ నొప్పి పట్టీలోంచి నాలోకి దిగేది. తెగి పడిపోతే బాగుండుననుకున్నాను. నేను పడితే ఆ గెలుపు చెల్లదు, ఆ ముసలాయన కుట్టు మాత్రం తెగలేదు.

గీత దాటగానే కాలు విరిగి మీర్తా కూలబడింది. జనం పరుగెత్తుకొచ్చారు. “తురాయి ఉందా? ఉంది, ఉంది!” అని ఏడ్చారు, ఒకరినొకరు కౌగిలించుకున్నారు. కాలి వంక చూసినవాడు లేడు.

చుట్టూ గుడ్డ అడ్డం కట్టారు. లిడియా వస్తే మావాళ్ళు ఆపారు. మెడలోని రుమాలు పీకి కింద పారేసి లోపలికొచ్చింది. ఒత్తావియో ఒళ్ళో మీర్తా తల ఉంది.

“ఎప్పణ్ణుంచి?”

“నిన్నట్నుంచి.”

“నిన్న నేనడిగానుగా!”

“నువ్వు... అటు పక్క ఉన్నావు.”

“మరి ఇదెటు పక్క ఉంది, ఒత్తావియో?”

డాక్టరు ఆఖరి సూది సిద్ధం చేస్తుండగా గస్పారె వంగి, మీర్తా ఇంకా కళ్ళు తెరిచి చూస్తుండగానే, నా పట్టీ విప్పుకుపోయాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు.

విందులో గెలిచిన గుర్రానికి పెద్దపీట వేయడం మా రివాజు. మీర్తా స్థానంలో నన్ను పెట్టారు. నా ముందు దాణా పోశారు. పాటలు పాడారు. ఎంత సిగ్గుపడ్డానో నాకు తెలుసు.

మర్నాడు పొద్దున కళ్ళెం అప్పజెప్పడానికి ఒత్తావియో నన్నుంచిన పేట మ్యూజియానికి వచ్చాడు. పుట్టిన ప్రతి బిడ్డకీ తల మీద నీళ్ళు చల్లి పేట పేరున కట్టే పట్టు రుమాలు ఒకటుంటుంది. శవపేటికలోకి కూడా దాన్ని తోడిచ్చి పంపుతారు. అతను తన రుమాలు విప్పి నా పక్కన పెట్టి, “ఇంక నాకు ఏ పేటా లేదు” అన్నాడు. ఆ మాట విన్నది నేనొక్కదాన్నే. బయట లిడియా పెట్టె పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దరూ బస్సెక్కి వెళ్ళిపోయారు.

రుమాలు చూసి గస్పారె కళ్ళు తుడుచుకున్నాడు. “ప్రాణంకన్నా ఎక్కువైనదాన్ని మన గెలుపుకి కానుకిచ్చి వెళ్ళాడు!” అన్నాడు. మమ్మల్నిద్దరినీ ఒకే అద్దాల పెట్టెలో పెట్టించాడు. ఇప్పటికీ ఏటా పందేనికి ముందు కొంగపేట పిల్లల్ని వరసగా తీసుకొచ్చి మా ముందు నిలబెడతారు. ఆ రుమాలు చూపించి, “పెద్దయ్యాక మీరూ ఇలా ఉండాలి” అని చెబుతారు. పిల్లలు బుద్ధిగా తలలూపుతారు.