కొట్రమ్మ గుంపులో అయిదుగురు

రిజిస్టరులో అయిదో పేరు రాసి సౌభాగ్య ఉలిక్కిపడింది: చికున్‌గున్యా పట్టిన అయిదుగురూ అయిదు వీధుల వాళ్లు, కానీ అందరిదీ కొట్రమ్మ నాట్ల గుంపే.

వాళ్ల ఇళ్లలో ఇంకెవరికీ జ్వరం లేదు. పిల్లలకు లేదు, మగవాళ్లకూ లేదు. సిరిగేరిలో ఆశా కార్యకర్తగా సౌభాగ్య ఇలాంటిది ఎప్పుడూ చూడలేదు. ఆమె నేరుగా పొలానికి నడిచింది.

పన్నెండు మంది ఉండాల్సిన వరుసలో ఏడుగురే ఉన్నారు. ఇంకా నాలుగెకరాలు మిగిలాయి. నారు ముదిరిపోతోంది. నాలుగు రోజుల్లో ముగించకపోతే యంత్రం తెప్పిస్తానని రైతు ఉచ్చెంగెప్ప చెప్పేశాడు. ఒకసారి యంత్రం దిగితే వచ్చే ఏడాది ఈ గుంపును పిలిచేవాడు ఉండడు. జ్వరంతో పడుకున్నవాళ్లకు కూలీ పోయింది, పైన రక్త పరీక్షల ఖర్చు, సెలైన్ల ఖర్చు.

"దోమలుండేది మడి నీళ్లల్లోనే గదా. నాట్లు మానుకోమంటావా ఏంది?" అంది కొట్రమ్మ నడుము ఎత్తకుండానే.

"ఇది మడి దోమ కాదక్కా. ఎప్పుడో పరాయి దేశం నుంచి ఓడలెక్కి వచ్చింది. కాళ్లకు తెల్ల చారలుంటాయి. తేట నీళ్లు కావాల దీనికి, పక్కనే మనుషులుండాల. పగలే కుడతాది."

"అబ్బో! మాకంటే నాజూకుదే!"

ఏడుగురూ నవ్వారు. సౌభాగ్య నవ్వలేదు.

"మీరంతా కలిసి యాడ కూర్చుంటారక్కా?"

"ఇంగ యాడ? యల్లప్ప ట్రాక్టరు షెడ్డు కాడ. పొద్దున బండి కోసం, సాయంత్రం కాళ్లు కడుక్కునేకి."

సాయంత్రం అయిదున్నరకు సౌభాగ్య షెడ్డు దగ్గర కాపు కాసింది. పక్కనే రాతి తొట్టి, అంచుదాకా నీళ్లు. గోడ మీద వరుసగా సుద్దగీతలున్నాయి. దోమలు పెరగకుండా ప్రతి శుక్రవారం నిలవ నీళ్లు పూర్తిగా పారబోసి, ప్రతి ఇంటివాళ్లూ గీసుకోవాల్సిన గీతలవి. ఈ షెడ్డులో ఒక్క వారం కూడా తప్పలేదు.

ఆమె తెల్ల పళ్లెంలో నీళ్లు ముంచింది. వందల దోమ పురుగులు మెలికలు తిరిగాయి.

"మొన్న వాన పడె గదమ్మా, ఆ నీళ్లు," అన్నాడు యల్లప్ప.

"పది దినాలుగా చినుకు లేదు గదన్నా."

యల్లప్ప ట్రాక్టరు వైపు తిరిగాడు. కాళ్లు కడుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్లే తొట్టి ఖాళీ చేసి, దోమ గుడ్లు అంటుకుని ఉంటాయని లోపలంతా కొబ్బరిపీచుతో రుద్దారు. మర్నాడు సౌభాగ్య షెడ్డు చుట్టూ దోమల మందు పొగ కొట్టించింది.

ఆ తర్వాత ఏడుగురూ రోజూ గంట ముందే మడిలో దిగారు. కొత్తగా ఎవరికీ జ్వరం రాలేదు. నాలుగో రోజు పొద్దు వాలకముందే ఆఖరి నారుకట్ట విప్పారు. ఉచ్చెంగెప్ప గట్టు మీద నిలబడి, వంకర లేని సాళ్లను చూసి తలపాగా సర్దుకున్నాడు.

"యంత్రం గూడా ఇట్ల నాటదు కొట్రమ్మా," అన్నాడు.

కొట్రమ్మ కూలీ అందుకుంది. గట్టు మీదే పన్నెండు వాటాలు వేసింది.

"నాటింది ఏడుమంది గదా?" అడిగాడు ఉచ్చెంగెప్ప.

"గుంపు పన్నెండు మందిదప్పా."

అందరినీ ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చిన యల్లప్ప ఆ వాటాలను చూశాడు. ట్రాక్టరు దిగి, చెప్పులు విడిచి ముందుకు వచ్చాడు.

"ఆ అయిదుమందినీ పండబెట్టింది నేనే. ఆ తొట్టి నీళ్లు ఒక్క వారం గూడా పారబోయలేదు. ఉత్తగా సుద్దగీత గీస్తాంటి. మా యమ్మా నాట్లకు పోయేది. నల్లాలో నీళ్లు ఎనిమిది దినాలకొకసారి వచ్చె, కాళ్లు కడుక్కునేకి నీళ్లు లేక బురదతోనే పండుకునేది. అందుకే తొట్టి అడుగు కనపడనీకూడదని పంతం నాకు. పారబోసేకి మనసు రాక, ఉన్న నీళ్ల మీదనే పోస్తా వచ్చినా. మీకు మేలు చేస్తాండాననుకున్నా. సౌభాగ్యమ్మ అడిగినప్పుడు, వాన మీద తోసి అబద్ధం చెప్పినా. తప్పు నాదే."