లాకు తలుపులో అరడుగు

మా ఆయన అసాహెల్‌ది ధాన్యపు కొట్లకు తలుపులు చేసే చెయ్యి. ఈరీ పడవల కాలువ తవ్వకం మా ఊరిదాకా వచ్చాక లాకు తలుపుల పని ఒప్పుకున్నాడు. అంతకుముందు మేమిద్దరం పడవల్ని ఎత్తుకీ పల్లానికీ దాటించే లాకును చూసిన పాపాన పోలేదు. తలుపులు నిలిస్తే లాకు చూసుకునే ఉద్యోగమూ గట్టు మీది రాతి ఇల్లూ మావేనని ఇంజనీరు లూమిస్ గారు మాటిచ్చారు. నాలుగేళ్లుగా చెక్క గుడిసెలో చలికి చచ్చినదాన్ని నేను. ఇంటికి కప్పు పడకముందే పెరట్లో చిక్కుడు గింజలు నాటేశాను.

లాకు గోడలు ఐర్లండువాడు కోర్మాక్ కట్టాడు. తలుపు స్తంభం తిరిగేచోట రాయిని చంద్రవంకలా తొలిచాడు. ఎంత బాగా తొలిచాడో! ఇటు మా గుడిసె ముందు అసాహెల్ తలుపుల అడ్డదూలాలు పరిచి కొలుస్తుంటే నా నోరు ఊరుకోలేదు.

"ఏమయ్యా, గోడకీ గోడకీ పదిహేనడుగులైతే ఒక్కో రెక్క ఎనిమిదడుగులా? రెండూ పొట్టేళ్లలా కుమ్ముకుంటాయా?"

"నక్షాలో అలాగే ఉందే."

"గీసినవాడు ఏనాడైనా తలుపు మూశాడా? మా నాన్న చేసిన తలుపులు చూశావుగా, మధ్యలో వెంట్రుక దూరదు."

మా నాన్న పేరెత్తితే ఆయనకు ఒళ్లు మంట. రంపం అందుకున్నాడు. సాయంత్రానికి ప్రతి దూలమూ అరడుగు తగ్గింది.

మర్నాడు కోర్మాక్ వచ్చి పొయ్యి పక్కనున్న ఓక్ కర్ర ముక్కలు చూశాడు.

"ఇవేంటి వదినా?"

చెప్పాను. అతని మొహం పాలిపోయింది. రెండు అరచేతుల వేళ్ల కొనలు ఆనించి చూపించాడు.

"తలుపులు తిన్నగా కలవకూడదు. ఇలా, మొన ఎగువకు తిరిగి ఒకదానికొకటి ఆనాలి. నీళ్లెంత తోస్తే అంత బిగుస్తాయి. అడుగున గడప కూడా అలాగే వేశాను. ఇప్పుడు రెక్కలు ఆ గడపకు ఆనితే మధ్యలో సందు మిగులుతుంది."

"సందుకి పలక కొట్టి తారు పూస్తే?" అన్నాను.

"ఎవరికీ కనపడదు. ఓ నెల ఆగుతుంది కూడా" అన్నాడు కోర్మాక్.

"తర్వాత?" అన్నాడు గుమ్మంలోంచి వింటున్న అసాహెల్.

"తర్వాత దిగువన ఏ పడవుంటే దాని ఖర్మ."

సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు పడవ కనిపించలేదు, ఇల్లే కనిపించింది. పలకే కొట్టమని బతిమాలాను. ఆయన టోపీ పెట్టుకుని లూమిస్ గారి దగ్గరికి బయలుదేరాడు. నేనూ వెనకే వెళ్లాను.

"కొలత తప్పానండీ. తప్పు నాదే" అన్నాడు.

లూమిస్ గారు అరవలేదు. బాగా ఆరిన ఓక్ కర్ర మళ్లీ వచ్చే ఏటికిగానీ దొరకదన్నారు. యూటికా ఊరి నుంచి వేరే వడ్రంగిని రప్పిస్తామని, ఇల్లు కూడా అతనికేనని చెప్పారు. నేను గుమ్మంలో నిలబడి అన్నీ విన్నాను. ఒక్క మాట చాలు. అది నా నోట రాలేదు.

గుడిసెకొచ్చాక అడిగాను, "నా పేరెందుకు చెప్పలేదు?"

"కోసింది నేను కదే."

కాసేపు పనిముట్లు సర్దుకున్నాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు:

"నువ్వే చెబుతావేమోనని కాసేపు చూశాను."