ఎజ్రా భార్య పేరు

"కాలర్ దగ్గర ఇంకోసారి లాగవే. కెమెరాలో కనబడేది అదే," అన్నాడు నాగేంద్రబాబు, బనీనుతో నిలబడి.

లక్ష్మీదుర్గ ఇస్త్రీపెట్టె మళ్లీ ప్లగ్గులో పెట్టింది. సాయంత్రం ఆరింటికి అమెరికా నుంచి వీడియో కాల్ వస్తుంది. ఆ కాల్‌లో ఎడ్నా అనే పెద్దావిడ నాగేంద్రబాబుకి కృతజ్ఞతలు చెబుతుంది. ఆయన చెయ్యని పనికి. చేసిన మనిషేమో ఆయన చొక్కా ముడతలు తీస్తోంది. అది కాగానే పుణుకులు వెయ్యాలి, ఎందుకంటే ఈ వైభవం కళ్లారా చూడటానికి డ్యూటీలో తోటివాడు బుజ్జిబాబుని కూడా పిలిచాడు.

అమెరికాలో తమ తాతముత్తాతలు ఎవరో, ఏ ఓడ దిగారో తెలుసుకోవాలని తపించేవాళ్లు బోలెడుమంది. వాళ్లలో కొందరు సంఘంగా ఏర్పడి, రెండువందల ఏళ్లనాటి జనాభా లెక్కల పుస్తకాలకీ చర్చి పుస్తకాలకీ ఫోటోలు తీసి నెట్‌లో పెట్టారు. ఆ రాతలు చదివి పేర్లు టైపు చేసేవాళ్లు కావాలన్నారు. జీతం లేదు, సర్టిఫికెట్ ఇస్తారు. గల్ఫ్‌లో హిద్ అనే ఊళ్లో ఓడలు బాగుచేసే యార్డులో స్టోర్ క్లర్కుగా ఉన్న నాగేంద్రబాబుకి ఆఫీసులో రికార్డులు చూసే ఉద్యోగానికి మారాలని మూడేళ్లుగా ఆశ. సర్టిఫికెట్ పనికొస్తుందని తన పేరున అకౌంటు తెరిచాడు. రెండు పేజీలు చూశాడు. "ఇది మనుషులు రాసిందా, కోళ్లు కెలికిందా?" అని లాప్‌టాప్ తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "నువ్వు ఖాళీగానే ఉంటావు కదా, చూస్తా ఉండు."

ఖాళీ! తెల్లారుజామున నాలుగున్నరకి లేచి ఆయనకి రెండు గిన్నెల క్యారేజీ కట్టి, పిల్లని స్కూలు బస్సెక్కించి, ఉమ్మ్ అల్ హస్సామ్ పేటలో లిఫ్టు లేని మూడో అంతస్తుకి సామాన్లు మోసి, యార్డు గ్రీజు వదిలేదాకా ఆయన ప్యాంటు రుద్ది, ఊళ్లో అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా గంటసేపు ఊఁ కొట్టే మనిషికి ఆయన పెట్టిన పేరు ఖాళీ. పైగా ఆమె వీసా మీద 'పని చేయుటకు అనుమతి లేదు' అని స్పష్టంగా ఉంది. ఆ ముక్క చదివినప్పుడల్లా ఆమెకి నవ్వూ వచ్చేది, ఒళ్లూ మండేది. గుమ్మం బయట అనుమతి లేదు సరే, గుమ్మం లోపల ఆపమన్న నాథుడేడీ?

కోళ్లు కెలికిన రాత మాత్రం ఆమెకి కష్టం కాలేదు. తండ్రి పేరయ్య రాజోలులో దస్తావేజు లేఖరి. పదో తరగతి నుంచీ ఆయన పక్కన కూర్చుని, చెదలు తిన్న పాత దస్తావేజులకి నకళ్లు రాసేది. సగం చెరిగిపోయిన మాట కూడా పక్క మాటల్ని బట్టి పట్టేసేది. కింద 'లేఖరి: పేరయ్య' అని ఆయన సంతకం పెట్టుకునేవాడు. "ఆడపిల్ల పేరు కాగితాలకెక్కితే రేపు సంబంధాలకి ఇబ్బందమ్మా," అనేవాడు, ప్రేమగానే. ప్రేమగా అన్నంత మాత్రాన అది దొంగతనం కాకుండా పోతుందా? ఆ ప్రశ్న అప్పుడు తోచలేదు. అమెరికా వాళ్ల పుస్తకాలు చదవడం మొదలెట్టాక తోచింది.

ఆ దేశపు మొట్టమొదటి జనాభా లెక్క చూసిన రోజున ఆమెకి అన్నం సయించలేదు. ప్రతి ఇంటికీ ఒకటే పేరు, యజమానిది. మిగతావాళ్లంతా అంకెలే. మగవాళ్లనైతే పదహారేళ్లు నిండినవాళ్లు, నిండనివాళ్లు అని శ్రద్ధగా విడదీశారు. ఆడవాళ్లకి మాత్రం ఒకటే గడి. పాలు తాగే పసిదీ, కాటికి కాళ్లు చాపిన ముసలిదీ, పొద్దస్తమానం చాకిరీ చేసే ఇల్లాలూ కలిసి అందులో 'అయిదు'. చివర బానిసలకో గడి ఉంది. వాళ్లకి వయసే కాదు, ఆడా మగా తేడా కూడా రాయలేదు. మనిషిని అంకె చెయ్యడం ఇంత తేలికా అని కోపం ముంచుకొచ్చింది. ఆ కోపంతోనే ఇల్లు తుడిచింది, ఆ కోపంతోనే మళ్లీ వచ్చి కూర్చుంది.

ఎడ్నాగారి వెతుకులాట కూడా అక్కడే ఆగిపోయింది. ఆవిడకి ఎనభై రెండేళ్లు; సాయం చెయ్యమని సంఘంలో చదివేవాళ్లందరికీ రాసింది. కనెక్టికట్‌లో ఎజ్రా అనే రైతు ఆవిడ వంశానికి మూలపురుషుడు. ఆయన పొలం, గొడ్లు, వీలునామా, చివరికి చర్చిలో ఆయన కూర్చున్న బల్ల ఎక్కడుందో కూడా దొరికింది. ఆయనకి తొమ్మిదిమంది పిల్లల్ని కనిచ్చిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు. పిల్లల బాప్తిస్మాల దగ్గర 'ఎజ్రా కొడుకు', 'ఎజ్రా కూతురు'. చావుల పుస్తకంలో 'ఎజ్రా భార్య'. ఆ ముసలావిడ ఇరవై ఆరేళ్లుగా ఆ ఒక్క పేరు కోసం వెతుకుతోంది. ఎందరో చదువరులు ఆ పుస్తకాలే తిరగేసి లేదని చేతులెత్తేశారు.

లక్ష్మీదుర్గ వారం రోజుల్లో పట్టుకుంది. పెళ్లిళ్లూ పుట్టుకలూ పక్కన పెట్టి, అదే చర్చిలో ఎవరూ తెరవని ఇంకో పుస్తకం తెరిచింది. చర్చి పెద్దల పంచాయితీల పుస్తకం అది. నూట పన్నెండో పేజీలో ఉంది: 'ఎజ్రా భార్య మెహిటబెల్ మూడు ఆదివారాలు ప్రార్థనకి రాలేదు. అడగబోయిన పెద్దలతో, మీలో ఒకరు వచ్చి నా పిల్లల్ని చూసుకుంటే వస్తానని ఎదురు చెప్పింది.' లక్ష్మీదుర్గ ఆ పేరు మీద వేలు పెట్టి, ఎవరూ లేని ఇంట్లో పైకి పలికింది. మెహిటబెల్. కళ్లనీళ్లు ఆగలేదు. నువ్వున్నావు తల్లీ, అనుకుంది. ఆ కబురు మొగుడి పేరున ఉన్న అకౌంటు నుంచే ఎడ్నాగారికి వెళ్లింది.

ఎడ్నాగారు తన వంశచరిత్ర పుస్తకం అచ్చు వేయిస్తోంది. మొదటి పేజీలో, ఆ పేరు కనిపెట్టిన వాళ్ల పేరు వేస్తానని రాసింది. అది ఎలా దొరికిందో తెలుసుకుని, పేరు సరిగ్గా రాసుకోవడానికే ఇవాళ్టి కాల్. పొద్దున కాఫీ ఇస్తూ లక్ష్మీదుర్గ నెమ్మదిగా అడిగింది.

"ఏవండీ, పుస్తకంలో నా పేరు వెయ్యమని చెప్పండి."

ఆయన నిజంగానే నవ్వాడు. "నీ పేరెందుకే? నాదైతే రేపు ఉద్యోగానికి చూపించుకుంటాను. అయినా మొగుడి పేరొకటీ పెళ్లాం పేరొకటీనా?"

అప్పుడే ఊరి నుంచి అత్తగారు నరసాయమ్మ ఫోను. "మావోడు అమెరికావోళ్లతో మాటాడతన్నాడంట కదే! దిష్టి తియ్యి. నువ్వు మధ్యలో దూరి ఏం పాడుసెయ్యకు."

ఆరయ్యింది. నాగేంద్రబాబు ఇస్త్రీ చొక్కాతో లాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. బుజ్జిబాబు సోఫాలో పుణుకుల ప్లేటుతో సర్దుకున్నాడు. "నువ్వు ఈ పక్కన స్టూలేసుకో. కెమెరాలో పడకు. ఆవిడేవైనా అడిగితే కాగితం మీద రాసి చూపించు," అని నాగేంద్రబాబు ఆమె చేతికి పెన్నిచ్చాడు. ఆమె పెన్ను తీసుకుని కూర్చుంది.

తెర మీద తెల్లటి జుట్టు, వణుకుతున్న గడ్డం. ఎడ్నాగారు మాట్లాడకముందే ఏడ్చింది. మా అమ్మ ఈ పేరు తెలియకుండానే పోయింది, నేనూ అలాగే పోతాననుకున్నాను అంది. నాగేంద్రబాబు తల వంచి, తన అదృష్టం అన్నాడు. బుజ్జిబాబు బొటనవేలు పైకెత్తాడు.

"ఒక్కటి చెప్పండి," అంది ఆవిడ. "ఇరవై ఆరేళ్లు నేనూ వెతికాను, చదువుకున్న వాళ్లూ వెతికారు. పంచాయితీల పుస్తకంలో చూడాలని మీకెలా తోచింది?"

నాగేంద్రబాబు కాగితం వైపు చూశాడు. కాగితం తెల్లగా ఉంది. బల్ల కింద ఆమె కాలి మీద కాలితో తొక్కాడు. ఆమె కదల్లేదు. రాస్తే ఇవాళ్టితో తన పేరు ఖలాస్. అచ్చయిన పుస్తకంలో మొగుడి పేరు శాశ్వతంగా కూర్చుంటుంది, తను మళ్లీ ఓ అంకె. ఎజ్రాకి ఒకటి, పేరయ్యకి ఒకటి, ఇప్పుడీయనకి ఒకటా?

"అంటే... అనుభవం మేడమ్," అన్నాడు నాగేంద్రబాబు.

"ఏ అనుభవం?" అని ముసలావిడ అమాయకంగా అడిగింది.

లక్ష్మీదుర్గ పెన్ను బల్ల మీద పెట్టింది. స్టూలు లాక్కుని కెమెరా ముందుకు వచ్చి ఆయన పక్కన కూర్చుంది. డిగ్రీ రెండో ఏడుతో ఆగిపోయిన ఇంగ్లీషు. అయినా మాటలు తడుముకోవలసిన అవసరం రాలేదు.

"అది చదివింది నేను మేడమ్. ఆయన కాదు. మా ఇంట్లో అయినా, మా నాన్న ఇంట్లో అయినా, పని బాగా చేసినప్పుడు నా పేరెవరూ ఎత్తలేదు. తప్పు పట్టాల్సొచ్చినప్పుడే నోరారా పిలిచారు. మీ వాళ్లూ అంతేననిపించింది. అందుకే ఆమెని మెచ్చుకునే చోట వెతకలేదు. తిట్టే చోట వెతికాను."

ఎడ్నాగారు చేత్తో నోరు మూసుకుంది. బుజ్జిబాబు నమలడం ఆపేశాడు. నాగేంద్రబాబు ముఖం కందగడ్డలా అయిపోయింది. లాప్‌టాప్‌లో మైకు తెరిచే ఉందన్న ధ్యాస కూడా లేకుండా, పదకొండేళ్ల కాపురంలో ఎన్నడూ లేనంత గట్టిగా అరిచాడు.

"లక్ష్మీదుర్గా!"

ఆమె ఆయన వైపు తిరగలేదు.

"వినబడిందా మేడమ్? అదే నా పేరు. రాసుకోండి."