సూదికి కదలని కాలు

తవిటయ్య కాళ్లకు స్పర్శ పోయిన సంగతి అతనికంటే ముందు వీధిలో జనం కనిపెట్టారు. రోలింగ్ మిల్లు నుంచి భుయ్యాడీహ్ బస్తీలోని ఇంటిదాకా ఒంటిచెప్పుతో నడిచివచ్చి, రెండోది ఎక్కడ జారిపోయిందో తెలియక వాకిట్లో నిలబడి వెర్రినవ్వు నవ్వాడు. మూత్రపిండాలు పాడయ్యాయని, రక్తంలో చేరిన విషం నరాలను తినేస్తోందని ఆసుపత్రిలో చెప్పారు. వారానికి రెండుసార్లు డయాలసిస్ మొదలుపెట్టారు. అది మానితే నెల తిరగదని కూడా చెప్పారు.

ఏడుపులు అయ్యాక ఇంట్లో ఆలోచనలు మొదలయ్యాయి. పనికి పనికిరాడని, మెడికల్ అన్‌ఫిట్ అని కంపెనీ డాక్టర్ల బోర్డు రాస్తే తండ్రి ఉద్యోగం కొడుక్కి ఇస్తారు. పాతికేళ్ల ఆదిబాబు ఏ పనీ దొరక్క పక్కనున్న సీతారాండేరా వీధుల్లో అరుగులు అరగదీస్తున్నాడు. కొడుకు చేరితే తండ్రి వైద్యమూ కంపెనీదే, ఎవరికీ నష్టం లేదు. అందరికంటే ముందు తవిటయ్యే ఒప్పుకున్నాడు.

నాలుగు నెలల తరవాత ఒక పొద్దున పెళ్లాం పోలమ్మ కాళ్లమీద వేడినీళ్లు పోస్తుంటే, ఏడిగున్నాయే అన్నాడు. అని, తానే నివ్వెరపోయి, కాలివేళ్లు ఆడించి చూసుకుని చంటిపిల్లాడిలా మురిసిపోయాడు. మొగుడి కాళ్లకు ప్రాణమొస్తే ఏ ఇల్లాలైనా దేవుడికి దండం పెడుతుంది. పోలమ్మ చెంబు కిందపెట్టి వీధితలుపు వేసి వచ్చింది.

"ఈ మాట ఎవులితోటీ అనీకు. వచ్చీ నెల్లోనే బోర్డు."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఆవిడ భయం. ఆ రోజు నుంచే బొంతలు కుట్టే సూది తీసి అతని అరికాలిలో గుచ్చడం మొదలుపెట్టింది. కాలు లాగితే మళ్లీ మొదటినుంచి గుచ్చేది. ఆదిబాబు ఎదురుగా కూర్చుని తండ్రి ముఖం చూస్తూ, కన్ను ఆర్పకూడదని హిందీలో హెచ్చరించేవాడు. మొదట్లో పోలమ్మ ఏడుస్తూ గుచ్చింది. వారం తిరిగేసరికి పప్పులో రాళ్లు ఏరుతున్నంత మామూలుగా గుచ్చింది. తవిటయ్య మాత్రం ప్రతిసారీ లోలోపల సంతోషించాడు, నొప్పి తెలుస్తోంది గనక. ఆ సంతోషం కూడా దాచుకోవలసి వచ్చింది.

బోర్డు రోజున డాక్టర్ నారాయణమూర్తి గుచ్చారు. డయాలసిస్ చేయించేదీ ఆయనే. మంచి మనిషి, ఎలాగైనా స్పర్శ తెలిస్తే బాగుండునని నెత్తురు చుక్క పొడిచేదాకా గుచ్చారు.

"నేదు బాబూ. ఏటీ తెల్నేదు," అన్నాడు తవిటయ్య.

డాక్టర్ అన్‌ఫిట్ అని రాసి సంతకం పెట్టి, కాగితం ఆదిబాబు చేతికిచ్చారు. తరవాత ఇంకో ఫైలు ముందుకు లాక్కుని, తల ఎత్తకుండానే అన్నారు.

"ఇన్నాళ్లు చేసినా నరాల్లో కదలిక లేదంటే, ఈ వైద్యం నీ ఒంటికి పట్టలేదు తవిటయ్యా. ఉన్నవి రెండే మిషన్లు. ఇద్దరు పిల్లల తల్లి వరసలో ఉంది. నీ చోటు ఆమెకిస్తున్నాను. నన్ను క్షమించు."

తవిటయ్య చేతులు జోడించాడు. బాబూ, అన్నాడు. ఏమిటని డాక్టర్ ఆశగా ముందుకు వంగారు. తవిటయ్య పెళ్లాం వైపు చూశాడు. ఒక్క మాట ఆవిడ అన్నా చాలు. పోలమ్మ కొడుకు చేతిలోని కాగితం వైపు చూసింది. తరవాత నేల చూసింది. ఆదిబాబు కాగితాన్ని మడిచి చొక్కా లోపల పెట్టుకున్నాడు.

"ఏటీ నేదు బాబూ," అన్నాడు తవిటయ్య.

బయట మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద నాలుగడుగులు వేశాక ఎడమకాలి చెప్పు జారింది. జారినట్టు స్పష్టంగా తెలిసి, తొడుక్కుందామని వెనక్కి తిరిగాడు. పోలమ్మ మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఒగ్గీ. డాట్రుబాబు కిటికీలోంచి సూత్తన్నారు."

తవిటయ్య చెప్పును వదిలేసి నడిచాడు. తారు కరుగుతోంది. అరికాలు అంటుకుని ఊడుతున్న ప్రతి అడుగూ తెలుస్తూనే ఉంది. నేర్పించినట్టే, కన్ను ఆర్పలేదు.