పాయ అవతలి గొంతు

మా తమ్ముడు చలపతి మడ అడవిలో కనపడకుండా పోయి ఏడాది తిరిగింది. అమలాపురం కాలేజీలో బోటనీ చెప్పేవాడు. మడ చెట్లు దగ్గరగా చూడాలని మురమళ్ళ దాటి, గౌతమి పాయల మధ్య ఉన్న ఫారెస్టు బంగళాలో దిగేడు. ఒకరోజు ఎవరికీ చెప్పకుండా ఒక్కడూ పడవ వేసుకుని వెళ్ళేడు. పడవ దొరికింది, మనిషి దొరకలేదు.

ఇంట్లో పెద్దలు కర్మ చేసేద్దామంటారు. మా మరదలు సూర్యకుమారి ససేమిరా అంది. "ఆయన ఉన్నారో లేరో నాకు తెలియాలి వదినగారూ. అంతవరకూ ఎవరి మాటా వినను" అని భీష్మించుకు కూచుంది. దానికి తోడుగా వెళ్ళమంటే మగాళ్ళలో ఒక్కరు కదిలితే ఒట్టు. వాళ్ళ పౌరుషాలు మండిపోనూ! నేనే దాన్ని తీసుకుని బయల్దేరేను.

బంగళా అంటే ఏదో అనుకున్నాను. బురదలో పాతిన దుంగల మీద నాలుగు చెక్క గదులు, అంతే. దోమలు నన్ను పీక్కుతిన్నాయి. మా మరదలికి దోమలు కూడా తెలియలేదు పాపం. తమ్ముడు దిగిన గది అదేనట, ఆ మంచం పట్టె నిమురుతూ కూచుంది.

మర్నాడు అబ్బులు, వాడి పెళ్ళాం ముత్యాలు పడవ తెచ్చేరు. బంగళాకి వచ్చినవాళ్ళకి అడవి చూపించేది వాళ్ళే. ఎక్కబోతుంటే అబ్బులు అడ్డం నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఒక్క మాటండి. లోపల ఎవరు పిలిచినా ఆయ్ అనకండి. మేం పిలవాలంటే పడవ తోసే ఈ గెడతో పడవ మీద కొడతామండి."

"బావుందయ్యా నీ వరస! పిలిస్తే ఆయ్ అనకుండా మన గోదావరివాళ్ళు ఎవరైనా ఉండగలరా? నిద్దట్లో కూడా అనేస్తాం" అన్నాను.

"అందుకేనండి చెబుతున్నాను" అన్నాడు. వాడి మొహంలో నవ్వు లేదు.

లోపలికి వెళ్ళేకొద్దీ పాయ సన్నబడింది. పైన కొమ్మలు కలిసిపోయి, పట్టపగలే దీపాలవేళలా ఉంది. బురదలోంచి వేర్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఎర్ర పీతలు మమ్మల్ని చూసి బొరియల్లో దూరేయి. అంతవరకూ అరుస్తున్న పిట్టలు ఉన్నట్టుండి ఊరుకున్నాయి. ముత్యాలు గెడ వెయ్యడం ఆపేసింది.

"సూర్యకుమారీ!"

మా తమ్ముడి గొంతే. చంకనేసుకు పెంచినదాన్ని, నాకు తెలీదా? "ఒరేయ్ నాన్నా" అని అరవబోయి పమిటచెంగు నోట్లో కుక్కుకున్నాను. మా మరదలు మాత్రం వంటింట్లోంచి పలికినంత మామూలుగా, "ఆయ్, వస్తున్నానండీ" అంది. లేచి, పడవలోంచి కాలు బయట పెట్టేసింది.

ముత్యాలు దాని నడుం పట్టుకుంది. నాకు జుట్టు అందితే జుట్టే పట్టుకున్నాను. ముగ్గురం పడవలో కూలబడ్డాం. అబ్బులు గబగబా పడవ తిప్పేడు.

"వాడేనేమో అబ్బులూ! వెనక్కి పోనీ, నీకు పుణ్యం ఉంటుంది" అని ఏడ్చేను.

"అక్కడ నిలబడ్డానికి నేల లేదండి, అంతా మనిషిలోతు ఊబి. మా అన్నని మా నాన్న గొంతుతో పిలిచిందండి. నాన్న పోయిన మూడేళ్ళకి. అన్న వెళ్ళేడు" అన్నాడు అబ్బులు.

వెనకనుంచి ఆ గొంతు పిలుస్తూనే ఉంది. కోపం లేదు, తొందర లేదు.

బంగళాకి వచ్చేక సూర్యకుమారి స్నానం చేసి, చక్కగా జడ వేసుకుంది. నేను పెట్టిన చారన్నం మారు అడిగి మరీ తింది. ఏడాదిగా మెతుకు సహించని మనిషి!

"అమ్మాయ్, తెలిసింది కదమ్మా. మన చలపతి ఇక లేడు" అన్నాను.

"తెలిసిందండి. అది ఆయన కాదు" అంది. "పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన నన్ను ఒక్కనాడూ పేరు పెట్టి పిలవలేదు వదినగారూ. ఏమేవ్, ఇదిగో, అంతే. ఒక్కసారి పిలిస్తే బావుణ్ణని ఎంత ఆశపడేదాన్నో."

చెయ్యి కడుక్కుని నా పక్కన కూచుంది.

"అది పిలిచిందండి. రేపు మళ్ళీ వెళదాం."